పెంకుపురుగు పేరుతో వచ్చిన మంచునీటి పలకలు: విజయనగరం డాబా మీద ఒక చలికాలం

పోయిన నవంబరు 20 నుంచి ఈ ఫిబ్రవరి 15 వరకు, లెక్కకు 88 రాత్రులు, విజయనగరంలో అయ్యకోనేరుకు కూతవేటు దూరంలో ఉన్న మా డాబా మీద, రాత్రి మంచును నీళ్ళుగా పట్టిస్తాయని అమ్మే రెండు మంచునీటి పలకలను నిలబెట్టి, ప్రతి ఉదయం ఎండ పడకముందే వాటి కింద చేరిన నీటిని కొలపాత్రతో కొలిచి పుస్తకంలో రాసుకున్నాను. ఒక్కొక్క పలక 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు. రెండూ కలిపి 4 చదరపు మీటర్లు. రవాణా ఖర్చుతో కలిపి 18,500 రూపాయలు అయింది. అమ్మిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆఫ్రికా ఎడారిలోని ఒక పురుగును చూపించి ఇలాంటి పలకలను ఎవరు అమ్మజూపినా కొనేవారు అడగవలసిన ప్రశ్నలు అవే కనుక, పేరు తెలియకపోయినా చదివేవారికి నష్టం లేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి విరమించినవాణ్ణి కాబట్టి నాకు కొంత కొలతల పిచ్చి ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

పెట్టె విప్పగానే కలిగిన అభిప్రాయం మంచిదే. తెల్లటి పలక పైభాగమంతా నువ్వుగింజంత బుడిపెలు వరుసలు తీరి ఉన్నాయి. వేలితో రాస్తే బుడిపె గరుకుగానూ, బుడిపెల నడుమ జాగా మైనం పూసినట్టు జారుడుగానూ తగులుతుంది. నీళ్ళు చిలకరిస్తే బుడిపె మీద బొట్టు కూర్చుంటుంది. నడుమ జాగాలో పడినది మాత్రం తామరాకు మీద నీటిబొట్టులా నిలవకుండా పరుగెడుతుంది. పలక వెనక అంగుళం మందాన నురుగు దిమ్మ అతికించి ఉంది. అల్యూమినియం చట్రం, 30 డిగ్రీల వాలు వచ్చేలా కాళ్ళు, దిగువ అంచున నీళ్ళు పట్టే సన్నటి కాలువ, దాని రెండు కొసలకు రబ్బరు మూతలు, ఒక వడపోత జాలీ, 10 లీటర్ల డబ్బా కూడా ఇచ్చారు. బిగించడానికి వచ్చిన కుర్రవాడు గంటన్నరలో పని ముగించాడు. బోల్టులు అక్కర్లేదు, ఇటుకల బరువు చాలునని అతను అంటే మాత్రం నేను ఒప్పుకోలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను రోజున మా వీధిలో రేకులు విస్తరాకుల్లా ఎగిరిపోవడం చూసినవాణ్ణి. పిట్టగోడకు రంధ్రాలు వేయించి బోల్టులతోనే బిగించుకున్నాను.

ఇక పలకలతో పాటు వచ్చిన కరపత్రం. ఈ సరుకు మంచిచెడ్డలన్నీ ఆ కరపత్రం చెప్పిన కథలోనే ఉన్నాయి కనుక దాన్ని కొంచెం తీరిగ్గా చూడాలి.

నైరుతి ఆఫ్రికాలో అట్లాంటిక్ తీరం వెంబడి నమీబ్ ఎడారి ఉంది. అక్కడ వాన పేరుకు మాత్రమే. ఎడారి మధ్యన ఉన్న గోబాబెబ్ పరిశోధన కేంద్రం దగ్గర ఏడాది పొడుగునా పడేది 25 మిల్లీమీటర్ల లోపే. అయితే తీరం వెంట బెంగ్వేలా అనే చల్లటి సముద్ర ప్రవాహం సాగుతుంది. దాని మీదుగా వచ్చే గాలి చల్లబడి, పొగమంచుగా మారి, తెల్లవారుజామున ఎడారి లోపలికి పదుల కిలోమీటర్లు చొచ్చుకువస్తుంది. ఆ వేళకు కొన్ని పెంకుపురుగులు ఇసుక దిబ్బ కొన దాకా ఎక్కి, గాలికి ఎదురుగా, తల నేలకు వంచి, వెనక భాగం పైకెత్తి నిలబడతాయి. పొగమంచులోని తుంపరలు వీపుకు తగిలి, బొట్టుగా చేరి, నోటి దాకా జారతాయి. విలియం హామిల్టన్, మేరీ సీలీ అనే శాస్త్రజ్ఞులు 1976లో దీన్ని వర్ణించారు. ఒక్క ఉదయంలో కొన్ని పురుగుల బరువు 34 శాతం దాకా పెరిగినట్టు తూచి చూశారు. 60 కిలోల మనిషి ఒక పూటలో 20 లీటర్లు తాగినట్టన్నమాట.

2001లో ఆండ్రూ పార్కర్, క్రిస్ లారెన్స్ అనే ఇద్దరు నేచర్ పత్రికలో ఇంకో సంగతి రాశారు. పురుగు వీపు మీది బుడిపెల కొనలు నీటిని ఆకర్షిస్తాయని, బుడిపెల నడుమ పల్లాలు మైనంతో నీటిని అంటనివ్వవని, ఈ రెండు గుణాల పొత్తు వల్లే బొట్టు త్వరగా పెరిగి త్వరగా జారుతుందని వారి ప్రతిపాదన. అప్పటి నుంచి ఆ వీపును అచ్చు గుద్దే ప్రయత్నాలు మొదలయ్యాయి. 2006లో అమెరికాలోని ఎంఐటీలో రాబర్ట్ కోహెన్, మైకేల్ రబ్నర్ బృందం అటువంటి ఉపరితలాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. 2016లో హార్వర్డ్‌లో జోవానా ఐజెన్‌బర్గ్ బృందం పురుగు బుడిపెనూ, నాగజెముడు ముల్లు వాలునూ, కీటకాలను తినే కూజా మొక్క జారుడునూ కలిపి ఇంకో నమూనా చేసింది. వాస్తుశిల్పులూ ఊరుకోలేదు. కెనరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ రేవులో గ్రిమ్‌షా సంస్థ, చార్లీ పేటన్ అనే ఆవిష్కర్తతో కలిసి, బహిరంగ రంగస్థలం వెనుక గోడనే నీళ్ళు పట్టే యంత్రంగా మలిచే భవనాన్ని రూపొందించింది. లోతు సముద్రం నుంచి తోడిన చల్లటి నీరు గొట్టాల్లో పారుతుంటే, వెచ్చటి తేమగాలి వాటికి తగిలి నీరవుతుంది. చిత్రపటం కన్నులపండువగా ఉంటుంది; భవనం మాత్రం కట్టలేదు.

కరపత్రంలో ఇందులో సగం ఉంది. లేని సగంలో ఒక సంగతి నాకు ముఖ్యంగా తోచింది. 2010లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ నార్‌గార్డ్, మేరీ డాకే నాలుగు జాతుల నమీబ్ పురుగులను కృత్రిమ పొగమంచులో పెట్టి చూశారు. కరపత్రం పేరు చెప్పిన స్టెనోకారా అనే బుడిపెల జాతి అసలు తలకిందులుగా నిలబడనేలేదు. నిలబడింది ఓనిమాక్రిస్ ఉంగ్విక్యులారిస్ ఒక్కటే, దాని వీపు మీద ఆ బుడిపెలు లేవు. పైగా వీపు వైశాల్యాన్ని లెక్కలోకి తీసుకుంటే, బుడిపెలున్న జాతికీ లేని జాతికీ పట్టిన నీటిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే పురుగు దాహం తీర్చింది వీపు మీది చెక్కడం కన్నా, సరైన వేళకు సరైన చోట సరైన వాలులో నిలబడటం. ఈ మాట చెబితే బుడిపెల పలక అమ్ముడుపోదు కనుక కరపత్రం దాని జోలికి పోలేదు.

అంతకన్నా పెద్ద ఇబ్బంది మన భాషలోనే ఉంది. మనం రెండింటినీ మంచు అనే అంటాం. జనవరిలో తెల్లవారుజామున గజపతినగరం వైపు బస్సులో వెళ్తుంటే ఎదుటి లారీ కనబడనివ్వనిదీ మంచే, ఆ పక్క చేలో మినపాకు మీద ముత్యంలా నిలిచేదీ మంచే. మొదటిది గాలిలోనే నీరుగా మారిపోయి తేలుతున్న తుంపర. దాన్ని అడ్డుకుని పోగు చేస్తే చాలు. రెండోది ఇంకా కంటికి కనబడని ఆవిరి. దాన్ని నీరుగా మార్చాలంటే తగిలే వస్తువు చల్లగా ఉండాలి. మంచు కురుస్తుందని అంటాం గాని రెండోది ఎక్కడి నుంచీ కురవదు, ఆకు మీదే పుడుతుంది. నమీబ్ పురుగు తాగేది మొదటి రకం. విజయనగరం డాబా మీద మనకు దొరికేది ఎక్కువగా రెండో రకం. కరపత్రాన్ని తెలుగులోకి తెచ్చినవారు రెండుచోట్లా 'మంచు' అని వేసి, పురుగు పొగమంచుతో సాధించినదాన్ని మన ఆకుమంచు ఖాతాలో జమ కట్టేశారు. బంగాళాఖాతం వెచ్చటి సముద్రం. బెంగ్వేలా వంటి ప్రవాహం మనకు లేదు. కాబట్టి ఆ పొగమంచూ మనకు రోజూ రాదు.

వచ్చిన రోజున మాత్రం ఈ పలక నిలబడి పట్టేస్తుందా అంటే, అదీ లేదు. డిసెంబరు చివర్లో నాలుగు ఉదయాలు మా వీధి చివర దీపం కూడా కనబడనంత పొగమంచు పట్టింది. ఆ నాలుగు రోజుల్లోనూ పలకలు మామూలు కన్నా ఎక్కువ ఇవ్వలేదు. కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. గాలి పెద్ద పలకకు ఎదురైతే చుట్టూ తిరిగి పక్కల నుంచి పోతుంది. అతి తేలికైన తుంపరలు కూడా గాలితోపాటే తప్పుకుంటాయి. ఎదురైన వస్తువు సన్నగా ఉంటేనే గాలి పక్కకు తిరిగేలోగా తుంపర దానికి గుద్దుకుంటుంది. పురుగు పొడవు మన బొటనవేలి కణుపుకు మించదు. దాని పని సాగేది అది పురుగంత ఉండబట్టే. దాని వీపును తలుపంత చేసి నిలబెడితే ఆ లాభం పోతుంది. చిలీ దేశంలో ఎల్ తోఫో కొండ మీద పొగమంచు పట్టి కింద ఉన్న చుంగుంగో పల్లెకు 1990 దశకంలో నీళ్ళిచ్చినవి పలకలు కావు, వలలు. మన నర్సరీల్లో నీడ కోసం కట్టే వల వంటిదాన్నే రెండు పొరలుగా నిలువున కట్టారు. చదరపు మీటరుకు రోజుకు సగటున 3 లీటర్లు వచ్చేవి. దీనికి చిలీ దాకా పోనక్కర్లేదు. సోంపేట, బారువ తీరాన పొగమంచు పట్టిన ఉదయం సరుగుడు తోటలో నడిచినవారికి తెలుసు. ఆకాశంలో వాన ఉండదు, తల మాత్రం తడుస్తుంది, చెట్టు కింద ఇసుక చినుకులు పడ్డట్టు గుంటలు కట్టి ఉంటుంది. సరుగుడు ఆకు సూది కదా. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కేచోట మబ్బే గాలితో వచ్చి కొండను తాకుతుంది కాబట్టి అక్కడ ఒక వల పని చేస్తుందేమో అన్న ఆశ నాకు ఉంది. ఈ పలక మీద ఆ ఆశ లేదు.

కరపత్రం మొదటి పేజీలో చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్ల దాకా వస్తుందని పెద్ద అక్షరాల్లో ఉంది. ఆకుమంచుకు ఆ మాట ఎంత అసాధ్యమో పదో తరగతి లెక్కతోనే చూడవచ్చు. ఆవిరి నీరుగా మారేటప్పుడు లీటరుకు సుమారు 24 లక్షల 50 వేల జౌళ్ళ వేడిని వదులుతుంది. ఆ వేడిని పలక ఎక్కడికో వదిలించుకోవాలి. కరెంటు లేని పలకకు ఉన్న దారి ఒక్కటే: రాత్రి ఆకాశం వైపు కిరణాల రూపంలో పంపడం. మబ్బులేని రాత్రి చదరపు మీటరుకు 60 వాట్ల చొప్పున 10 గంటలు పంపిందనుకున్నా అది 21 లక్షల 60 వేల జౌళ్ళే అవుతుంది. గాలి తగిలి పలకను వెచ్చబెట్టకుండా, ఆ చల్లదనమంతా నీటికే ఖర్చయినా, ముప్పావు లీటరు దాటి కొంచెం వస్తుంది. లీటరు రాదు. బుడిపెలు ఎంత గొప్పవైనా ఈ హద్దును దాటించలేవు, ఎందుకంటే అవి చల్లదనాన్ని పుట్టించవు. పుట్టిన నీటిని జార్చడానికే పనికొస్తాయి. ఈ లెక్క రాసి సంస్థకు పంపితే, 5 లీటర్ల అంకె కొండ ప్రాంతాల పొగమంచుకు సంబంధించినదని మర్యాదగానే జవాబిచ్చారు. ఆ మాట కరపత్రంలో ఎక్కడా లేదు.

ఈ దశలో నాకు పోలిక కావాలనిపించింది. కంటోన్మెంటు వైపు ఉన్న ఒక వెల్డింగు షాపులో, అంతే కొలతకు, అంతే వాలుకు, మామూలు జింకు రేకుతో ఇంకో జత చేయించాను. వెల్డరు నా పాత విద్యార్థి. పనంతా విని, "మంచు పట్టడానికి రేకెందుకు మాస్టారూ, రాత్రి ఆరుబయట మంచం మరిచిపోతే దుప్పటే పట్టేస్తాది కదా" అన్నాడు. అతను నవ్వులాటకు అన్నా, మాటలో తప్పు లేదు. రేకు మీద తెల్లటి నూనె రంగు రెండు పూతలు వేయించాను. కొత్త జింకు రేకు అద్దంలా మెరుస్తుంది కాబట్టి తన వేడిని కిరణాలుగా పంపడంలో పిసినారి. రంగు పూస్తే ఆ పిసినారితనం పోతుంది. వెనక అంగుళం థర్మోకోల్ పెట్టించాను, లేకపోతే పగలంతా కాగిన శ్లాబు రాత్రంతా రేకును వెచ్చబెడుతుంది. దిగువన పీవీసీ గొట్టాన్ని నిలువుగా సగానికి కోసి కాలువగా కట్టించాను. మొత్తం 4,200 రూపాయలయింది. ఇదేమీ నా సొంత తెలివి కాదు. గుజరాత్‌లోని కచ్ఛ్ ప్రాంతంలో, కోఠారా అనే ఊళ్ళో, అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యులు గిరిజా శరణ్ ఇళ్ళ రేకు కప్పుల మీదా, చౌక ప్లాస్టిక్ పట్టాల మీదా ఆకుమంచు పట్టి చూపించారు.

రెండు జతలనూ పక్కపక్కన పెట్టి మొదటి 44 రాత్రులు వాటిని అంటుకోలేదు. తమంత తాముగా కాలువలోకి జారిన నీటినే కొలిచాను. వాన పడిన రోజుల లెక్క తీసివేశాను. వాయుగుండం పట్టి ఆకాశమంతా మూసుకుపోయిన వారంలో ఏ జతకూ చుక్క లేదు. మబ్బు దుప్పటిలా కప్పినప్పుడు పలక తన వేడిని పంపడానికి ఆకాశం ఉండదు. ఆ 44 రాత్రులకు బుడిపెల పలకలు 11 లీటర్లు, నా రేకులు 7 లీటర్లు ఇచ్చాయి. తేడా చిన్నదేమీ కాదు. పురుగును వెక్కిరించబోయిన నేను కొంచెం తగ్గాను.

తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలని జనవరి 3న అయిదు గంటలకే టార్చి లైటు పట్టుకుని మేడ మీదకు వెళ్ళాను. గాలి 19 డిగ్రీలు, తేమ 88 శాతం. అంటే ఏ వస్తువైనా 17 డిగ్రీలకు దిగితే దాని మీద నీరు పుడుతుంది. పలకా రేకూ రెండూ 15.5 డిగ్రీల దగ్గరే ఉన్నాయి, చల్లబడటంలో తేడా లేదు. తేడా చర్మంలో ఉంది. బుడిపెల పలక మీద ఆవగింజంత బొట్లు పెసరగింజంత అయ్యేలోగానే కదిలి, దారిలో ఇంకో నాలుగింటిని కలుపుకుని, గీత గీసినట్టు కిందికి పరుగెత్తుతున్నాయి. ఆ గీత వెంట ఖాళీ అయిన జాగాలో మళ్ళీ కొత్త బొట్లు పొడుచుకొస్తున్నాయి. నా రేకు మీద బొట్లు శనగగింజంత పెరిగినా అట్టే అతుక్కుని కూర్చున్నాయి. టార్చి వెలుగులో రేకంతా మెరుస్తోంది, కాలువ మాత్రం పొడిగా ఉంది. ఆరున్నరకు ఎండ తగిలితే ఆ మెరుపంతా వచ్చిన దారినే పోతుంది. పురుగు వీపు నుంచి ఈ పలక నిజంగా నేర్చుకున్నది ఏదైనా ఉంటే అది ఇదే: నీటిని ఎక్కువ పుట్టించడం కాదు, పుట్టినదాన్ని పొద్దు పొడవకముందే చేర్చడం.

అప్పుడు మా ఆవిడ గచ్చు కడిగే రబ్బరు వైపరు తెచ్చి రేకును పైనుంచి కిందికి ఒక్క లాగు లాగాను. కాలువలో గలగలమని నీళ్ళు. ఆ రోజు నుంచి ఫిబ్రవరి 15 దాకా మిగిలిన 44 రాత్రులూ రెండు జతలనూ తెల్లవారుజామున వైపరుతో లాగి కొలిచాను. బుడిపెల పలకలు 13 లీటర్లు, రేకులు 12 లీటర్ల 600 మిల్లీలీటర్లు. 14,300 రూపాయల తేడాకు వచ్చిన ఫలితం, ఇంట్లో ఉన్న వైపరు ముందు 400 మిల్లీలీటర్లు. తెల్లవారుజామున లేచే అలవాటు లేనివారికి, లేదా మనిషి వెళ్ళలేని ఎత్తైన కప్పులకు బుడిపెల పలక విలువ వేరుగా ఉంటుందని న్యాయంగా చెప్పాలి. మా డాబాకు మాత్రం మెట్లున్నాయి, నాకు నిద్ర తక్కువ.

మొత్తం మీద 4 చదరపు మీటర్ల బుడిపెల పలకలు ఒక చలికాలంలో ఇచ్చినది 24 లీటర్లు. అత్యధికంగా ఒక రాత్రి 900 మిల్లీలీటర్లు వచ్చాయి, అది సంక్రాంతి ముందు నిర్మలమైన రాత్రి. మా వీధికి రోజూ వచ్చే ఆటోలో నీళ్ళ టిన్ను 20 లీటర్లు. ఆ టిన్ను ఒకటీ, ఇంకో టిన్నులో అయిదో వంతూ.

నీటి నాణ్యత విషయంలో ఫిర్యాదు తక్కువ. నీటిలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు నా దగ్గరుంది, అది మా బోరు నీటికి 700 దాటి చూపిస్తుంది, ఈ నీటికి 40 లోపు. బట్టలు ఇస్త్రీ చేసే పెట్టెలోకీ, పూజగదిలోకీ మా ఆవిడ దీన్నే వాడింది. తాగడానికి నేను వాడలేదు. లవణాలు లేనంత మాత్రాన నీరు శుభ్రమని కాదు. రాత్రంతా ఆరుబయట ఉన్న పలక మీద దుమ్ము, పక్కింటి పొయ్యి మసి, అన్నిటికీ మించి కాకుల ప్రసాదం ఉంటాయి. సంస్థ ఇచ్చిన జాలీ ఎండుటాకును ఆపుతుంది, క్రిమిని ఆపదు. మరిగించకుండా ఎవరూ తాగవద్దని నా సలహా.

ఇక్కడ ఒక మాట కొంచెం గట్టిగా చెప్పక తప్పదు. అమ్మడానికి వచ్చినతను ఉద్దానం పేరు ఎత్తాడు. లవణాలు లేని ఈ నీరు తాగితే కిడ్నీల జబ్బు దరి చేరదని, కవిటి, సోంపేట వైపు ఇవి ఇంటింటికీ పెట్టాలని అన్నాడు. ఉద్దానంలో అంతమందికి మూత్రపిండాలు ఎందుకు చెడిపోతున్నాయో, కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. తేలని కారణానికి మందు అమ్మడం ఒక తప్పు. రాత్రికి అరలీటరు కూడా నమ్మకంగా ఇవ్వని పలకను అయిదుగురున్న ఇంటికి తాగునీటి ఆధారంగా చూపించడం ఇంకో తప్పు. ఆ పల్లెలకు కావలసిన పరిమాణం హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా వంశధార నీళ్ళు తెచ్చే పథకం వంటిదే ఇవ్వగలదు. అక్కడి మా బంధువులకు ఫోను చేసి ఈ పలకల కోసం డబ్బు పెట్టవద్దని చెప్పాను.

మన్నిక గురించి తొందరపడి తీర్పు చెప్పను గాని, కనబడినది చెబుతాను. బుడిపెల నడుమ మసి ఇరుక్కుంటుంది, నున్నటి రేకు మీద ఇరుక్కోదు. వారానికోసారి మెత్తటి గుడ్డతో కడగమన్నారు. సబ్బు పొడి వాడకూడదట. మా పనిమనిషి ఒకసారి తెలియక గిన్నెలు తోమే పీచుతో రుద్దింది. ఆ చోట నీటిబొట్టు ఇప్పుడు తామరాకు మీది బొట్టులా పరుగెత్తదు, మామూలు గచ్చు మీది బొట్టులా పరుచుకుంటుంది. రుద్దని చోట కూడా ఫిబ్రవరికి వచ్చేసరికి నవంబరు నాటి చురుకు లేదు. నమీబ్ పురుగు వీపు మైనాన్ని పురుగే తయారు చేసుకుంటుంది. మన పలకకు ఆ సదుపాయం లేదు. పూత పోతే మళ్ళీ వేస్తారా అని అడిగితే, కొత్త పలక మీద 10 శాతం తగ్గింపు ఇస్తామన్నారు.

మా పెదనాన్నగారి ఊరు బొబ్బిలి వైపు. వరి కోసిన మడిలో మినుములు, పెసలు చల్లి, తడి ఆరకముందే మొలిచిన మొక్కకు ఆ తర్వాత నీళ్ళు పెట్టేవారు కాదు. అది మంచుకే పండుతుందనేవారు. పంటకు ఆసరా మడిలో మిగిలిన తడి కూడానని ఇప్పుడు తెలుసు గాని, ఆ మాటలో ఆకుమంచు స్థాయి ఎంతో సరిగ్గా ఉంది. అది మొక్కకు ఊతం, మనిషికి కొళాయి కాదు. ఇంటి కప్పును రూపొందించేవారు కూడా ఈ పలకలను అంతవరకే లెక్కలోకి తీసుకోవాలి. 50 చదరపు మీటర్ల రేకు కప్పు ఎలాగూ వేయవలసి ఉంటే, దానికి తెల్లరంగు, వెనక థర్మోకోల్, దిగువ కాలువ కలిపితే చలికాలం రాత్రికి సగటున రెండు మూడు లీటర్లు ఊరికే వస్తాయి, ఎండాకాలం ఇల్లు చల్లగా ఉంటుంది. కేవలం మంచు కోసం 18,500 పెట్టడం దండగ. నక్షత్రాలు ఇవ్వమంటే 5కి 2 ఇస్తాను; ఒకటి చట్రం పనితనానికి, ఒకటి ఆ జారుడు పూతకు.

మే నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలితో వాన వచ్చింది. నా వానమాపకంలో 40 మిల్లీమీటర్లు. ఆ రోజుకి పలకలు ఇంకా మేడ మీదే ఉన్నాయి, కాలువను మాత్రం 200 లీటర్ల డ్రమ్ములోకి మళ్ళించి ఉంచాను. వాలు వల్ల వానకు ఎదురయ్యేది 4 చదరపు మీటర్లకు బదులు మూడున్నరే అయినా, గంట సేపట్లో డ్రమ్ములోకి 130 లీటర్లకు పైగా చేరింది. ఒక్క గంట వానకు అయిదు చలికాలాల మంచు. ఏటా వెయ్యి మిల్లీమీటర్లు దాటి వాన పడే జిల్లాలో ఉండి, 25 మిల్లీమీటర్లు పడని ఎడారి పురుగును ఆశ్రయించినందుకు నాకే కొంచెం నవ్వొచ్చింది. ఇప్పుడు రెండు పలకలనూ కిందికి దించి వంటింటి వెనక అంట్లు తోమే చోటికి చూరుగా బిగించాము. నీళ్ళన్నీ డ్రమ్ములోకే పోతున్నాయి.

కాలువ కొసన ఉన్న రబ్బరు మూత ఒకటి దించేటప్పుడు చిరిగింది. సంస్థకు రెండుసార్లు ఫోను చేశాను, పంపుతామన్నారు, ఇంకా రాలేదు. ప్రస్తుతానికి పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించాను. కారడం లేదు.